ఆటోపే ఆపడం ఎలా: సబ్‌స్క్రిప్షన్ రద్దు, మాండేట్ రద్దు, పోయిన డబ్బు వాపసు

బందరు_రోడ్

ఒక్క రూపాయి ట్రయల్ అని పిన్ కొట్టించుకుని, వారం తిరిగేసరికి 499, 999 లాగేసే యాప్‌ల గురించి ఇక్కడ రోజుకో ప్రశ్న వస్తోంది. జవాబులేమో పది చోట్ల చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. అన్నీ ఒక్కచోట పెడదాం. బ్యాంకు పని తెలిసినవాళ్లు, వినియోగదారుల కేసులు చూసేవాళ్లు, పేమెంట్ గేట్‌వేల లోపలి సంగతి తెలిసినవాళ్లు తలా ఓ చెయ్యి వేయండి. ఏ స్క్రీన్‌లో ఏం నొక్కాలి, ఎప్పుడు నొక్కాలి, ఆగకపోతే ఎవరి గడప తొక్కాలి, అంతవరకే రాద్దాం.

ఎక్కువమంది అడిగేది ముందు తేల్చండి: ఫోన్‌లోంచి యాప్ తీసేస్తే డబ్బు కట్ అవడం ఆగుతుందా?

పద్దుల_పుస్తకం

ఆగదండి. ఇక్కడ రెండు వేర్వేరు విషయాలున్నాయి. సబ్‌స్క్రిప్షన్ అంటే మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. మాండేట్ అంటే "ఫలానా వాళ్లు అడిగినప్పుడు నా ఖాతాలోంచి ఇవ్వండి" అని మీ బ్యాంకుకు మీరిచ్చిన అనుమతి. యాప్ తీసేస్తే ఈ రెండిట్లో ఏదీ కదలదు. మాండేట్ బ్యాంకు దగ్గర భద్రంగా ఉంటుంది, తేదీ రాగానే కంపెనీ అడుగుతుంది, బ్యాంకు ఇచ్చేస్తుంది.

కాబట్టి రెండూ రద్దు చేయాలి. వరుస కూడా ముఖ్యమే. ముందు కంపెనీ సైట్‌లో సబ్‌స్క్రిప్షన్ రద్దు చేసి, రద్దయినట్టు వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఆ తర్వాత మాండేట్ తీసేయండి. మాండేట్ ఒక్కటే తీసేస్తే కంపెనీ లెక్కలో మీ ఖాతా ఇంకా నడుస్తూనే ఉంటుంది. వాడుకున్నాక బిల్లు వేసే సేవలైతే బాకీ అని వెంటపడతారు. సబ్‌స్క్రిప్షన్ ఒక్కటే రద్దు చేస్తే మాండేట్ నిద్రలో ఉన్నట్టు, వాళ్ల వైపు పొరపాటు జరిగినా మళ్లీ లాగుతుంది.

ఒక్క సందర్భంలో మాత్రం వరుస తిరగేయాలి. కట్ అయ్యేది రేపే, రద్దు బటన్ ఎక్కడా కనబడటం లేదు అంటే ముందు మాండేట్ తీసేయండి. కంపెనీకి మెయిల్ తర్వాత రాసుకోవచ్చు.

మీది ఏ రకం మాండేటో బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే తెలుస్తుంది. యూపీఐ మాండేట్ అని ఉంటే యూపీఐ యాప్‌లో ఆపాలి. ఏసీహెచ్ లేదా నాచ్ (బ్యాంకు ఖాతాలోంచి నేరుగా వాయిదాలు కట్ అయ్యే పద్ధతి) అని ఉంటే బ్యాంకులో ఆపాలి. కార్డు బిల్లులో కంపెనీ పేరే ఉంటే కార్డు ఇచ్చిన బ్యాంకు ఈ-మాండేట్ పేజీకి వెళ్లాలి. గూగుల్ ప్లే, యాపిల్ అని ఉంటే ఆ స్టోర్‌లోనే ఆపాలి, కంపెనీని అడిగినా లాభం ఉండదు.

గేట్‌వే_గుట్టు

యూపీఐ ఆటోపే సంగతి నేను రాస్తా. యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ దీన్ని 2020 జూలైలో తెచ్చింది. పిన్ ఒక్కసారే, మాండేట్ పెట్టేటప్పుడు కొడతాం. ఆ తర్వాత రూ. 15,000 దాకా పిన్ లేకుండానే కట్ అవుతుంది.

పిన్ కొట్టే ముందు వచ్చే పేజీలో నాలుగు గడులు ఉంటాయి. అందరూ పైన పెద్ద అక్షరాల్లో ఉన్న "రూ. 1" చూసి పిన్ కొట్టేస్తారు. చదవాల్సింది కిందివి.

మొత్తం: "ఎగ్జాక్ట్" అని ఉంటే ఎప్పుడూ ఆ అంకే. "అప్ టు" లేదా "మ్యాక్స్" అని ఉంటే ఆ అంకె దాకా ఎంతైనా. ఒక్క రూపాయి ట్రయల్ మాండేట్లు దాదాపు అన్నీ ఈ రెండో రకమే. ఈ రోజు 1, మాండేట్ గరిష్ఠం 999.

ఎన్నిసార్లు: మంత్లీ, క్వార్టర్లీ, ఇయర్లీ అయితే అర్థమవుతుంది. "యాజ్ ప్రెజెంటెడ్" అని ఉంటే కంపెనీ ఎప్పుడు అడిగితే అప్పుడు అని. సబ్‌స్క్రిప్షన్‌కి ఇలాంటిది ఉంటే వెనక్కి రావడమే మంచిది. నెలకొకసారి అనుకున్నది వారానికోసారి కట్ అవడానికి కారణం ఇదే.

చెల్లుబాటు: మొదటి తేదీ, ఆఖరి తేదీ. ఏడాది ప్లానుకి పదిహేనేళ్ల మాండేట్ అడుగుతున్నారంటే జాగ్రత్త పడాలి.

ఎవరికి: కంపెనీ పేరు, యూపీఐ ఐడీ. యాప్ పేరొకటి, ఇక్కడి పేరొకటి ఉండొచ్చు. ఈ పేరు రాసిపెట్టుకోండి, ఫిర్యాదు చేసేటప్పుడు ఇదే కావాలి.

ఆపడం తేలికే. గూగుల్ పే, ఫోన్‌పే రెండిట్లోనూ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే ఆటోపే అన్న వరుస ఉంటుంది. పేటీఎంలో యూపీఐ సెట్టింగ్స్‌లో దొరుకుతుంది. నడుస్తున్న మాండేట్లలో కావలసినది తెరిచి రద్దు నొక్కి పిన్ కొట్టాలి. "పాజ్" నొక్కి ఊరుకోకండి. పాజ్‌కి ఆఖరి తేదీ ఉంటుంది, అది దాటగానే మాండేట్ మళ్లీ లేస్తుంది. కావలసింది "క్యాన్సిల్" లేదా "రివోక్". రద్దయ్యాక అదే పేజీలో యూఎంఎన్ అని పొడుగాటి నంబర్ ఉంటుంది. అది మీ మాండేట్ నంబర్. పేజీ మొత్తం స్క్రీన్‌షాట్ తీసుకోండి.

ఓరుగల్లు_కోట

అన్నా, రెండు డౌట్లు. ఖాతాల పైసలు లేకుంట పెడితే సరిపోదా? ఇంకోటి, మాండేట్ ఒక యాప్‌ల పెట్టి, ఇప్పుడు ఆ యాప్ వాడుతలేము. ఇంకో యాప్‌ల చూస్తే అది కనిపిస్తలేదు.

గేట్‌వే_గుట్టు

ఖాతా ఖాళీ పెట్టడం ఉపాయం కాదు తమ్మీ. 2025 ఆగస్టు 1 నుంచి వచ్చిన పద్ధతిలో ఒక్కో కోతకు ఒకసారి ప్రయత్నం, అది ఫెయిలైతే ఇంకో మూడుసార్లు. అవి కూడా రద్దీ లేని వేళల్లో: ఉదయం 10కి ముందు, మధ్యాహ్నం 1 నుంచి 5 మధ్య, రాత్రి 9:30 తర్వాత. జీతం పడిన రాత్రే కట్ అయిందని చాలామంది వాపోయేది అందుకే. పైగా వచ్చే నెల మాండేట్ మళ్లీ మామూలే.

రెండోది: మాండేట్ ఏ యాప్‌లో పుట్టిందో దాన్ని అదే నంబర్‌తో మళ్లీ ఇన్‌స్టాల్ చేసి లాగిన్ అయితే కనిపిస్తుంది. ఇది అన్నిటికన్నా ఖాయమైన దారి. మాండేట్లన్నీ ఏ యూపీఐ యాప్‌లోంచైనా కనబడాలని ఎన్‌పీసీఐ 2025 అక్టోబర్‌లో చెప్పి, డిసెంబర్ 31 దాకా గడువిచ్చింది. కాబట్టి మీ యాప్ అప్‌డేట్ చేసి ఆటోపే పేజీ ఒకసారి చూడండి. అదీ కాకపోతే బ్యాంకు బ్రాంచిలో యూపీఐ మాండేట్ల జాబితా అడగండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు కూడా ఒకసారి తెరిచి చూడండి. జాతకం, భక్తి పాటలు, చిన్న చిన్న సీరియళ్ల యాప్‌లలో ఈ రూపాయి మాండేట్లు ఎక్కువ.

పద్దుల_పుస్తకం

కార్డుల సంగతి. కార్డు మీద ఆటో డెబిట్ నియమాలు ఆర్‌బీఐ 2019 ఆగస్టు 21 సర్క్యులర్‌తో మొదలయ్యాయి, 2021 అక్టోబర్ 1 నుంచి గట్టిగా అమలయ్యాయి. ఓటీపీ లేకుండా కట్ అయ్యే పరిమితి మొదట్లో రూ. 2,000. తర్వాత 5,000, 2022 జూన్ నుంచి 15,000. అంతకు మించితే ప్రతిసారీ ఓటీపీ కావాలి. 2023 డిసెంబర్‌లో మ్యూచువల్ ఫండ్లు, బీమా ప్రీమియం, క్రెడిట్ కార్డు బిల్లులకు మాత్రం లక్ష దాకా పెంచారు.

మనకు పనికొచ్చే హక్కులు అందులో మూడున్నాయి.

కట్ అవడానికి కనీసం 24 గంటల ముందు బ్యాంకు మీకు చెప్పాలి. ఆ సందేశంలో ఎవరికి, ఎంత, ఏ తేదీన, ఏ మాండేట్ నంబర్ మీద, ఎందుకు అన్నవి ఉండాలి. ఆ ఒక్క కోతనైనా, మొత్తం మాండేట్‌నైనా వద్దనే వీలు అక్కడే ఇవ్వాలి. ఫాస్టాగ్, మెట్రోలో బస్సుల్లో వాడే ఎన్‌సీఎంసీ కార్డు నింపుకోవడానికి మాత్రం 2024 ఆగస్టు నుంచి ఈ ముందస్తు సందేశం అక్కర్లేదు.

మాండేట్‌ను ఎప్పుడైనా ఆన్‌లైన్‌లో వెనక్కి తీసుకునే ఏర్పాటు కార్డు ఇచ్చిన బ్యాంకే చేయాలి. "కంపెనీని అడగండి" అని కాల్ సెంటర్‌లో అంటే ఒప్పుకోకండి. మాండేట్ ఆపడం బ్యాంకు పని.

ఈ సదుపాయానికి మీ దగ్గర రుసుము తీసుకోకూడదు.

ఎక్కడ ఆపాలి: చాలా బ్యాంకులు బిల్‌డెస్క్ వాళ్ల ఎస్‌ఐ హబ్ పేజీ వాడతాయి. సందేశంలో వచ్చిన లింకు నొక్కకుండా బ్యాంకు యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్స్, ఈ-మాండేట్ అన్న చోటి నుంచి వెళ్లండి. దొంగ లింకులు అచ్చం ఇలాంటి సందేశాల్లాగే వస్తున్నాయి.

విదేశీ సైట్ అయితే ఇంకో గొళ్లెం ఉంది. కార్డు సెట్టింగ్స్‌లో ఇంటర్నేషనల్ ట్రాన్సాక్షన్లు ఆఫ్ చేసేయండి. ఆ స్విచ్ ఇవ్వాలని 2020లోనే ఆర్‌బీఐ బ్యాంకులకు చెప్పింది. అవసరం పడ్డ రోజు ఆన్ చేసుకోవచ్చు.

సిరిసిల్ల_మగ్గం

స్టోర్ల సంగతి పొట్టిగా. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్, ప్రొఫైల్ బొమ్మ, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, సబ్‌స్క్రిప్షన్స్. ఐఫోన్‌లో సెట్టింగ్స్, పైన మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. అక్కడ కనబడకపోతే సాధారణంగా కారణం ఒకటే, వేరే జీమెయిల్‌తోనో వేరే యాపిల్ ఐడీతోనో తీసుకుని ఉంటారు. రసీదు ఏ మెయిల్‌కి వచ్చిందో వెతికితే దొరుకుతుంది.

యాపిల్‌లో ట్రయల్ ముగియడానికి కనీసం 24 గంటల ముందే రద్దు చేయాలి, ఆఖరి రోజు కుదరదు. గూగుల్ ప్లేలో పొరపాటున కట్ అయితే 48 గంటల్లోపు అక్కడే వాపసు అడగండి. అది దాటితే యాప్ చేసినవాళ్లనే అడగాలి. చాలా వరకు రద్దు చేసినా కట్టిన గడువు దాకా వాడుకోవచ్చు, కాబట్టి చేరిన రోజే రద్దు చేసి పెట్టుకోవచ్చు. కొన్ని ట్రయల్స్ మాత్రం రద్దు నొక్కగానే ఆగిపోతాయి, నొక్కే ముందు అక్కడి వాక్యం చదవండి.

బందరు_రోడ్

బాగుందండి. ఆన్‌లైన్ కోచింగ్‌ల వాళ్లు నెలవారీ ఫీజు అని చెప్పి పెట్టించే మాండేట్ల మాటేమిటి? పిల్లాడు మానేస్తే మాండేట్ ఆపేయొచ్చా?

పద్దుల_పుస్తకం

ఆగండి, ఇక్కడే జాగ్రత్తగా ఉండాలి. అది నిజంగా నెలవారీ ఫీజా, లేక మీ పేరున తీసిన అప్పా అన్నది ముందు చూసుకోవాలి. చాలా కోర్సుల్లో ఏడాది ఫీజు మొత్తాన్ని ఒక ఎన్‌బీఎఫ్‌సీ, అంటే బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ, కోచింగ్ సంస్థకు ముందే కట్టేస్తుంది. మీరు కట్టేది ఆ అప్పు వాయిదా. సంతకం పెట్టిన కాగితాల్లో "కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్" (అప్పు ముఖ్య వివరాల పత్రం) అన్నది ఉంటే, స్టేట్‌మెంట్‌లో కోచింగ్ పేరు కాక ఫైనాన్స్ కంపెనీ పేరు ఉంటే అది అప్పే.

అప్పు మాండేట్‌ని సబ్‌స్క్రిప్షన్ మాండేట్‌లా తీసేయకూడదు. అప్పు అలాగే ఉంటుంది, సిబిల్ స్కోరు పడిపోతుంది. వాయిదా నిధులు లేక తిరిగొస్తే బ్యాంకు రిటర్న్ ఛార్జీ వేస్తుంది. బ్యాంకు రేటు రూ. 500 అయితే 18 శాతం జీఎస్టీతో 590, ప్రతి వాయిదాకీ. 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ కింద, బాకీ తీర్చడానికి ఇచ్చిన ఎలక్ట్రానిక్ చెల్లింపు నిధులు లేక తిరిగొచ్చి, నోటీసు వచ్చినా కట్టకపోతే అది నేరం కూడా. చెక్ బౌన్స్ లాంటిదే అనుకోండి.

ఇలాంటప్పుడు చేయాల్సింది: కోర్సు మానేస్తున్నామని సంస్థకు, అప్పు రద్దు చేయమని ఎన్‌బీఎఫ్‌సీకి, ఇద్దరికీ ఒకే మెయిల్‌లో రాయండి. డిజిటల్ అప్పుకి కూలింగ్ ఆఫ్ గడువు ఉంటుంది. ఆ గడువులోపు అసలు, అన్ని రోజుల వడ్డీ కట్టేసి జరిమానా లేకుండా బయటపడొచ్చు. ఎన్ని రోజులన్నది కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్‌లోనే రాసి ఉంటుంది. సంస్థ డబ్బు వెనక్కి ఇవ్వాల్సి ఉంటే అది నేరుగా ఎన్‌బీఎఫ్‌సీకి వెళ్లి అప్పు మూసుకున్నట్టు ఉత్తరం వచ్చేదాకా మాండేట్ ముట్టుకోవద్దు.

అప్పు కాని నాచ్ మాండేట్ అయితే, అంటే జిమ్, విరాళం, పత్రిక చందా లాంటివి, బ్యాంకులోనే రద్దు చేయించుకోవచ్చు. నాచ్ కాగితం కింద చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంటుంది: ఈ మాండేట్‌ను రద్దు చేయడానికి సంస్థకు గానీ బ్యాంకుకు గానీ తెలియజేసే అధికారం నాకుంది అని. బ్రాంచిలో కాదంటే ఆ వాక్యం చూపించండి. అడగడానికి యూఎంఆర్‌ఎన్ అనే 20 అక్షరాల నంబర్ కావాలి, నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్ల దగ్గర ఉంటుంది.

కమిషన్_మెట్లు

చట్టం వైపు నేను రాస్తాను. ముందు ఒక అపోహ తీసేద్దాం. మన దేశంలో ఆన్‌లైన్ సబ్‌స్క్రిప్షన్లన్నిటికీ "ఇన్ని రోజుల్లో వద్దంటే డబ్బు వాపసు" అన్న సాధారణ హక్కు లేదు. ఏడాది ప్లాను తెలిసి తీసుకుని మూడో నెలలో మనసు మారితే మిగతా తొమ్మిది నెలల డబ్బు కంపెనీ షరతుల్లో ఉంటేనే వస్తుంది. కేసు నిలిచేది వేరే చోట: చెప్పకుండా కట్ చేయడం, రద్దు దారి దాచిపెట్టడం, రద్దయ్యాక మళ్లీ కట్ చేయడం.

దీనికి బలమైన ఆధారం 2023 నవంబర్ 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ, అంటే సీసీపీఏ, తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు. అందులో 13 రకాల మోసపు డిజైన్ల జాబితా ఉంది. మనకు కావలసినవి రెండు. "సబ్‌స్క్రిప్షన్ ట్రాప్": రద్దు చేయడం అసాధ్యంగానో చుట్టుతిరుగుడుగానో చేయడం, రద్దు బటన్ దాచడం, ఉచిత ట్రయల్‌కి కార్డు వివరాలో ఆటో డెబిట్ అనుమతో ఇచ్చి తీరాలనడం, రద్దు సూచనలు గజిబిజిగా రాయడం. "సాస్ బిల్లింగ్" (ఆన్‌లైన్ సాఫ్ట్‌వేర్ సేవలకు పదేపదే బిల్లు వేయడంలో మోసం): ట్రయల్ నుంచి డబ్బు కట్టే ప్లానుకి మారినప్పుడు చెప్పకపోవడం, తెలియజేయకుండా కట్ చేయడం. ఫిర్యాదులో "మోసం చేశారు" అని నాలుగు పేజీలు రాసేకన్నా ఈ పేరు పెట్టి, ఏ స్క్రీన్‌లో అది జరిగిందో చూపిస్తే బరువు ఉంటుంది.

2020 ఈ-కామర్స్ నియమాలు కూడా వాడండి. ముందే టిక్ పెట్టిన గడిని మీ సమ్మతిగా లెక్కపెట్టకూడదు. ఫిర్యాదు అందినట్టు కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) 48 గంటల్లో చెప్పాలి, నెలలో పరిష్కరించాలి. ఆ అధికారి పేరు, మెయిల్ సైట్‌లో అడుగున ఉండాలి. కస్టమర్ కేర్ చాట్‌తో కాలం వృథా చేయకుండా నేరుగా ఆ మెయిల్‌కే రాయండి.

అక్కడ తేలకపోతే 1915, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడొచ్చు. అది కోర్టు కాదు, కంపెనీకి పంపి జవాబు రప్పిస్తుంది. చిన్న మొత్తాలు చాలావరకు ఇక్కడే తేలుతాయి, కాబట్టి ఈ మెట్టు దాటేయకండి.

తర్వాతిది జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే చోటే కేసు వేయొచ్చు. ఖమ్మంలో ఉంటే ఖమ్మంలోనే, కంపెనీ బెంగళూరులో ఉన్నా. "వివాదాలు ఫలానా ఊరి కోర్టులోనే", "ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి" అని షరతుల్లో రాసి ఉన్నా వెనక్కి తగ్గనక్కర్లేదు. ఆర్బిట్రేషన్ షరతు ఉన్నంత మాత్రాన వినియోగదారుల ఫోరం తలుపు మూసుకుపోదని 2018 డిసెంబర్‌లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కట్టిన మొత్తం రూ. 5 లక్షల లోపైతే రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. నోటీసు అందాక ఎదుటివాళ్లకు జవాబుకి 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే ఇంకో 15.

చాలా ఫిర్యాదులు బలహీనపడేది స్క్రీన్‌షాట్ల దగ్గర. కేసులో పెట్టే స్క్రీన్‌షాట్లు, మెయిళ్లకు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్, అంటే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే ధ్రువీకరణ పత్రం, జతచేయండి. ఇంతకుముందు అందరూ 65బి అనేవారే, అదే. స్క్రీన్‌షాట్‌లో తేదీ, సమయం కనబడాలి. బటన్ దొరకని సంగతి చూపాలంటే స్క్రీన్‌షాట్ కన్నా స్క్రీన్ రికార్డింగ్ మేలు: ఖాతా పేజీ తెరిచి, ఒక్కో మెనూలోకి వెళ్లి వచ్చి, ఎన్ని నొక్కుళ్ల తర్వాత ఏం వచ్చిందో మొత్తం పట్టుకోండి.

ఓరుగల్లు_కోట

సార్, మాండేట్ రద్దు చేసినంక కూడా కట్ అయితే? కంపెనీ మీద పోవాల్నా, బ్యాంకు మీద పోవాల్నా?

కమిషన్_మెట్లు

ఇద్దరి మీదా. రద్దుకు ముందు జరిగిన కోత మీ అనుమతితో జరిగింది కాబట్టి గొడవ కంపెనీతోనే. రద్దు తర్వాత జరిగినది అనుమతి లేని లావాదేవీ, అక్కడ బ్యాంకు జవాబు చెప్పాలి. అప్పుడు ఆర్‌బీఐ 2017 జూలై 6 సర్క్యులర్ చూపించండి. తప్పు బ్యాంకుదైతే మీ మీద భారం లేదు. తప్పు మరెక్కడో ఉంటే, మీకు సమాచారం అందిన మూడు పనిదినాల్లోపు చెబితే భారం సున్నా. అందుకే నాలుగో రోజు దాకా ఆగొద్దు. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే ఆర్‌బీఐ ఫిర్యాదుల పోర్టల్ సీఎంఎస్‌లో అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు వేయండి, ఫోన్ 14448.

క్రెడిట్ కార్డు అయితే ఛార్జ్‌బ్యాక్, అంటే కార్డు బ్యాంకు ద్వారా కంపెనీ నుంచి డబ్బు వెనక్కి రప్పించడం, కూడా అడగండి. వీసాలో రద్దు చేసిన రికరింగ్ చెల్లింపుకి 13.2 అని విడి కోడే ఉంది, 120 రోజుల గడువు. బ్యాంకు ఫారంలో "సేవ నచ్చలేదు" అని టిక్ పెడితే వేరే దారిలో పోతుంది. "రద్దు చేశాక కట్ అయింది" అన్నదే ఎంచుకోండి.

మెయిల్ నమూనా కూడా పెడుతున్నా, కంపెనీకీ బ్యాంకుకీ ఇదే సరిపోతుంది:

"నా ఖాతా ఈమెయిల్ ____. ____ తేదీన ____ గంటలకు సబ్‌స్క్రిప్షన్ రద్దు చేశాను, ధ్రువీకరణ జతచేశాను. మాండేట్ నంబర్ ____ ను ____ తేదీన రద్దు చేశాను. అయినా ____ తేదీన రూ. ____ కట్ అయింది, లావాదేవీ నంబర్ ____. ఇది నా అనుమతి లేకుండా జరిగింది. మొత్తం ఏ ఖాతా నుంచి తీశారో అదే ఖాతాకు వాపసు చేయండి. ఇకపై ఎలాంటి మొత్తం తీయడానికీ నా సమ్మతి లేదు."

కోపం మాటలు వద్దు. తేదీలు, నంబర్లే మాట్లాడాలి.

డాలస్_తెలుగు

అమెరికాలో ఉన్నవాళ్ల కోసం కొంచెం. ఇక్కడి కార్డుతో కడితే మన ఆర్‌బీఐ నియమాలు వర్తించవు, 24 గంటల ముందు సందేశం వస్తుందని ఎదురుచూడకండి. ఇక్కడి వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ 2024లో తెచ్చిన "క్లిక్ టు క్యాన్సిల్" నియమాన్ని 2025 జూలైలో ఎనిమిదో సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. చాలామంది అది ఇంకా ఉందనుకుంటున్నారు. కానీ 2010 నాటి రోస్కా చట్టం ఉంది: షరతులు స్పష్టంగా చెప్పాలి, ఎరిగి ఇచ్చిన సమ్మతి ఉండాలి, ఆపే దారి తేలికగా ఉండాలి. 2025 సెప్టెంబర్‌లో అమెజాన్ ప్రైమ్ కేసు 250 కోట్ల డాలర్లకు తేలింది ఈ చట్టం కిందే. బ్యాంకు ఖాతా నుంచి నేరుగా వెళ్లే చెల్లింపైతే మూడు పనిదినాల ముందు బ్యాంకుకి స్టాప్ పేమెంట్ చెప్పండి, ఆపి తీరాలి.

సిరిసిల్ల_మగ్గం

ఒకటి మిగిలింది. ప్రీపెయిడ్ సిమ్‌లో కాలర్ ట్యూన్, క్రికెట్ అలర్ట్ అని బ్యాలెన్స్ తగ్గుతుంటే అది బ్యాంకు మాండేట్ కాదు, ఇప్పటిదాకా రాసినవేవీ దానికి పనిచేయవు. 155223కి కాల్ చేయండి, ఉచితం. ఏ సేవలు నడుస్తున్నాయో చెప్పి ఆపుతారు.

బందరు_రోడ్

పైన పిన్ చేస్తున్నాను. కొత్తగా అడిగేవాళ్లు స్టేట్‌మెంట్‌లో ఆ వరుస ఎలా పడిందో, మాండేట్ పేజీలో మొత్తం, ఎన్నిసార్లు, ఆఖరి తేదీ ఏమున్నాయో రాయండి. ఖాతా నంబర్, యూపీఐ ఐడీ, ఫోన్ నంబర్ మాత్రం స్క్రీన్‌షాట్‌లో చెరిపేశాకే పెట్టండి.